జాడీ పలుకు మానేదాకా

పెళ్లయ్యాక నాచారంలో నాకిచ్చిన గదిలో, నాకంటే ముందు నుంచే ఒక జాడీ కాపురం ఉంటోంది. నా మోకాళ్లు దాటి ఎత్తుండే పింగాణీ జాడీ. మంచానికీ గోడకీ మధ్య సందు దానిది. బీరువా తలుపు పూర్తిగా తెరుద్దామంటే జాడీ అడ్డం, కిటికీ దగ్గర కాసేపు నిలబడదామంటే జాడీ అడ్డం. వంటింట్లోకి మారుద్దామని కొత్తలో నోరు జారి అన్నాను.

“వంటింట్ల పొయ్యి సెగ తగుల్తది. ముందటి గదిల గాలి తగుల్తది. దానికి గా గదే మంచిది” అంది అత్తమ్మ.

అంటే గాలీ వెలుతురూ లేని చోటు జాడీకి మంచిది కాబట్టి నాకూ మంచిదే అన్నమాట. నోరు మూసుకున్నాను. అప్పట్లో ఇంకా మూసుకునేదాన్ని.

మాది ఇండస్ట్రియల్ ఏరియా వెనక బస్తీలో రేకుల ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఉండేది ముగ్గురం. అత్తమ్మ, మా ఆయన, నేను. మామయ్య మా పెళ్లికి ముందే పోయాడు. మా ఆయనకు చర్లపల్లిలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో షిఫ్టు పని. అత్తమ్మ వయసంతా మా ఇంటికి దగ్గర్లోనే ఒక దారం మిల్లులో గడిచింది. అది మూతపడ్డాక ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడమే గానీ ఆమె గొంతు మాత్రం ఇంకా మిల్లులోనే ఉండేది. ఉప్పు అందియ్యమన్నా వీధి చివరిదాకా వినపడేది. నన్ను తిడుతోందనుకుని కొత్తలో పక్కింటివాళ్లు తలుపు దాకా వచ్చి తొంగి చూసేవాళ్లు.

దానికి తోడు టీవీ. పొద్దున ప్రార్థన అయిన దగ్గర్నుంచి పడుకునేదాకా అది వాగుతూనే ఉండాలి. సీరియలైనా సరే, వార్తలైనా సరే, వరికి తెగుళ్ల మందు గురించైనా సరే. చూసేవాళ్లు అక్కర్లేదు. నేను సౌండు తగ్గిస్తే ఆమె వచ్చి పెంచేది, ఆమె అటు వెళ్లగానే నేను మళ్లీ తగ్గించేదాన్ని. మా అత్తాకోడళ్ల యుద్ధం సగం రిమోట్ మీదే జరిగింది. నేను పుట్టి పెరిగింది మహబూబాబాద్ దగ్గర చిన్న ఊళ్లో, మెల్లగా మాట్లాడుకునే ఇంట్లో. ఇక్కడ తల పగిలిపోయేది. మరీ కోపమొస్తే వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. ఆ మోతకైనా వచ్చి, ఏమైందని ఒక్క మాట అడుగుతుందేమోనని చూసేదాన్ని. అబ్బే! ఇంకా హాయిగా వెనక్కి వాలి కూర్చునేది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఇంతకీ ఆ జాడీ ఎందుకంటే, వైన్‌కు. క్రిస్మస్ ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెతో పాటు ఇచ్చే ద్రాక్షరసం మా సంఘానికి మా ఇంటి నుంచే వెళ్లాలి. అత్తమ్మకు అది వాళ్ల అత్త నుంచి వచ్చిన హక్కు. ఒకప్పుడు ఉప్పల్ దాటితే ద్రాక్షతోటలే ఉండేవట, మామయ్య సైకిల్ వెనక గంప కట్టుకుని తెచ్చేవాడట. నేను వచ్చేసరికి తోటలన్నీ ప్లాట్లయిపోయాయి. మార్కెట్లో నల్ల ద్రాక్ష కొనుక్కొచ్చి, కడిగి, పాత చీర మీద నీడన ఆరబెట్టి, జాడీలో వేసి చేత్తో పిసకాలి. చక్కెర, కాచి చల్లార్చిన నీళ్లు, గుప్పెడు గోధుమలు, కొంచెం ఈస్టు, దాల్చిన చెక్క. మూతికి తెల్లగుడ్డ కట్టాలి. రోజూ పొద్దున కట్టెగరిటెతో కలపాలి. పిసికిన మర్నాటికల్లా అది పొంగి, బుసబుసమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును మా ఇంట్లో పలకడం అనేవాళ్లు.

పలుకుతున్నంతకాలం సీసాల్లో పోయకూడదు. పోస్తే లోపల గ్యాసు పట్టి సీసా పేలుతుంది. నేను కాపురానికి రాకముందు ఒకసారి ఎవరో తొందరపెడితే ముందే పోశారట. ఆ సీసా కాస్తా పాస్టరు అయ్యగారి బీరువాలో, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ పక్కన పేలింది. ఆ క్రిస్మస్‌కు అయ్యగారు ఎర్రమరకల అంగీతోనే ఆరాధన నడిపారట. అలాగని పలుకు మానాక జాడీలో ఉంచేసినా లాభం లేదు. పులిసి సిర్కా అవుతుంది, ఉల్లిపాయలు ఊరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ రెంటికీ మధ్య సమయం చూసి పట్టుకోవాలి.

పట్టుకోవడానికి అత్తమ్మ నాకు రెండు దారులు నేర్పింది. గుడ్డ కొంచెం పక్కకు జరిపి, వెలిగించిన అగ్గిపుల్లను జాడీ మూతిలోకి దించాలి. టప్పున ఆరిపోతే ఇంకా పలుకుతున్నట్టు, ఆరకుండా మండితే అయిపోయినట్టు. రెండో దారి చెవి.

“అగ్గిపుల్ల అబద్ధమాడుతది. గాలొచ్చినా ఆరుతది, చెయ్యి వణికినా ఆరుతది. చెవి అబద్ధమాడది” అనేది.

కాబట్టి తీర్పు ఎప్పుడూ చెవిదే, అదీ ఆమె చెవిదే. పొద్దున్నే మా గదిలోకి వచ్చి, పీట వేసుకుని, జాడీ కడుపుకు చెవి ఆనించి కళ్లు మూసుకునేది. అప్పటికి మా ఆయన ఇంకా దుప్పట్లోనే ఉండేవాడు, నేను జుట్టు ముడేసుకుంటూ ఉండేదాన్ని. ఆ ఇంట్లో మా గదికి గడియ పెట్టే భాగ్యం నవంబరు, డిసెంబరు నెలల్లో మాకు లేదు.

ఇంకో ఆచారం ఉంది, అసలు నన్ను కట్టిపడేసింది అదే. ద్రాక్ష పిసికిన చెయ్యే చివరిదాకా కలపాలి. చెయ్యి మారితే రసం చెడిపోతుందని వాళ్ల నమ్మకం. కాపురానికి వచ్చిన మొదటి ఏడే ఆ చెయ్యి నాదైంది. అబ్బో, కొత్తకోడలికి ఎంత గౌరవమిచ్చారోనని పుట్టింటికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను కూడా. పిసికిన రోజు నుంచి సీసాలకెక్కే రోజుదాకా ఆ చెయ్యి ఒక్కపూట కూడా ఇంకో ఇంట్లో నిద్ర చేయకూడదని తర్వాత తెలిసింది. మా చిన్నాన్న కూతురి పెళ్లికి వెళ్లలేదు నేను. ఏమిటయ్యా అంటే, జాడీ పలుకుతోందట!

ఇంత కట్టుదిట్టంగా చేసినా ఏటికేడు ఆ రసంలో పులుపు పెరుగుతూ వచ్చింది. బల్ల దగ్గర సంఘ పెద్దలు గుటక వేసి కళ్లు గట్టిగా మూసుకుంటే అత్తమ్మ అది భక్తి అనుకునేది. ద్రాక్షలే ఇట్లా వస్తున్నాయని అందరూ సర్దిచెప్పుకునేవాళ్లు. ఆమె మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికుంది?

అలాంటి ఒక శీతాకాలంలో మాకు మేడిపల్లిలో ఒక పోర్షన్ దొరికింది. వరంగల్ రోడ్డుకు కొంచెం లోపలగా, మేడ మీద రెండు గదులు, రెండు వైపులా కిటికీలు. చూడ్డానికి వెళ్లిన రోజు ఒక కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద ఖాళీ ప్లాట్లలో ఒక బర్రె మేస్తోంది. ఇంకే చప్పుడూ లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఏమైందమ్మా అని ఇల్లుగలామె కంగారుపడితే కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఆ ఇంటికి పోవాలి. అంతే, ఇంకేమీ వద్దు నాకు. మా ఆయన కూడా సరేనన్నాడు. కాకపోతే “అమ్మకు నువ్వే చెప్పు” అన్నాడు. ఇదీ ఆయనగారి ధైర్యం. చెప్పాను. ఆమెకు అలవాటైన పెద్ద గొంతుతోనే చెప్పాను. ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను గానీ అలా ఏం జరగలేదు. నా మొహంలోకి కాసేపు చూసింది.

“పోతే పోండి. నేనేమన్న మీ కాళ్లకు తాడు కట్టిన్నా? జాడి సీసాలకెక్కనీ, తెల్లారే పోండి. మాటంటే మాటే” అంది.

క్రిస్మస్‌కు ముందే దిగకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఇల్లుగలామె చెప్పింది. అయినా నాకు దిగులనిపించలేదు. జాడీ అప్పటికే సన్నగా పలుకుతోంది. ఇంకెంత, నాలుగు రోజుల ముచ్చట అనుకుని చీరలు మూటగట్టడం మొదలుపెట్టాను.

అది తెలంగాణ ఉద్యమం మండిపోతున్న డిసెంబరు. యూనివర్సిటీ మాకు దగ్గరే. బందు మీద బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కంపెనీలు ఒకరోజు తెరిస్తే ఒకరోజు లేదు. తెరిచిన రోజున మా ఆయన చర్లపల్లి నుంచి రైలుపట్టాల వెంట నడుచుకుంటూ వచ్చేవాడు. ఎదురింట్లో నల్గొండ వైపు పెద్దమ్మ ఒకామె ఉండేది, నేను కనపడితే చాలు ఆట పట్టించేది.

“ఏమే పిల్లా, ముందుగాల తెలంగాణ వేరుపడ్తదా, మీరు వేరుపడ్తరా?”

“మేమే పెద్దమ్మా. కావాల్నంటే రాసిపెట్టుకో” అనేదాన్ని.

బయటికి పోవడానికి లేదు, ఇంట్లో ఉండడానికి లేదు. చెయ్యడానికి ఇంకేమీ లేక నేను కూడా జాడీ వినడం మొదలుపెట్టాను. అత్తమ్మ స్నానానికి పోగానే టీవీ సౌండు తగ్గించి, పీట వేసుకుని కూర్చునేదాన్ని. మొదటి రోజుల్లో అన్నం ఉడుకుతున్నట్టు పలికింది కదా, ఇప్పుడు సోడా పోసిన గ్లాసులా సుయ్‌మంటోంది. రెండు మూడు రోజులకు అది కూడా పోయి, ఎప్పుడో ఒక బుడగ టక్‌మనేది. ఇంకోటి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఒక పొద్దున ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాలేదు. గుడ్డ విప్పి చూశాను. పైన తేలాడే తొక్కలూ గింజలూ అడుగుకు దిగిపోయాయి. పైన రసం ఎర్రగా, నా మొహం కనపడేంత తేటగా ఉంది. అగ్గిపుల్ల గీసి లోపలికి దించాను. నా వేళ్లు కాలేదాకా మండింది.

అయిపోయింది! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అత్తమ్మ స్నానం చేసి వచ్చి, తడిజుట్టు వెనక్కి వేసుకుని, జాడీకి చెవి ఆనించి, చాలాసేపు వింది.

“ఇంక పలుకుతుంది” అంది.

“ఏడ పలుకుతుంది అత్తమ్మా? అగ్గిపుల్ల గూడ ఆరుతలేదు.”

“నాకు నేర్పుతవా? సుయ్యి సుయ్యిమంటుంది. నీకు ఇనబడ్తలేదా?”

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట. ఇల్లుగలామె ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగింది, ఇదిగో బందు అయిపోగానే అన్నాను. ఇంకో రెండు రోజులు పోయాక మా ఆయన్ను నిలదీశాను.

“మీ అమ్మ అబద్ధమాడుతుంది. మనల్ని పోనియ్యొద్దని జాడీని అడ్డం పెట్టుకుంది.”

“అమ్మ అబద్ధమాడదే. జర ఆగరాదు.”

“ఎన్నొద్దులు ఆగాలె? సిర్కా అయ్యేదాకనా?”

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. మా ఇంట్లో గొడవైనప్పుడల్లా ఆయన స్నానం చేస్తాడు. ఆ డిసెంబరులో అంత శుభ్రమైన మగవాడు నాచారంలో ఇంకొకడు లేడు.

నాకు ఏడుపు రాలేదు, ఉక్రోషం వచ్చింది. ఆ సందులో, మంచానికీ జాడీకీ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఇక నా బతుకంతా ఇంతే కాబోలు అనుకున్నాను. వచ్చే ఏడు ఇంకో సాకు వస్తుంది. ఆ పైయేడు ఇంకోటి. ఈ రేకుల కింద, ఈ టీవీ మోతలో, నా చెయ్యి ఈ గరిటెకు అంటుకుని ముసలిదైపోతుంది. లాభం లేదు, ఈమె అబద్ధాన్ని ఆమె నోటితోనే బయటపెట్టించాలి.

శుక్రవారం నాడు అయ్యగారి ఇంట్లో ఉపవాస ప్రార్థన. రెండు గల్లీల అవతల. బందైనా వానైనా అత్తమ్మ మానదు. ఆమె గడప దాటగానే నేను కొంగు బిగించాను. కడిగి ఎండబెట్టి ఉంచిన సీసాలన్నీ మంచం మీద పరిచి, జాడీలోని రసాన్ని పలచటి గుడ్డలో వడకట్టి వాటిలో పోశాను. మూతలు మాత్రం వదులుగానే పెట్టాను, ఎంత కోపమొచ్చినా అయ్యగారి అంగీ గుర్తుంది నాకు. సీసాలన్నీ మంచం కిందికి తోసి దుప్పటి అంచు కిందిదాకా లాగాను. అడుగున మిగిలిన మడ్డి పారబోసి, జాడీ కడిగి, పొడిగుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచాను. ఖాళీ జాడీని మళ్లీ సందులో నిలబెట్టి, అదే గుడ్డ, అదే ముడి కట్టాను.

మధ్యాహ్నం అత్తమ్మ వచ్చేసరికి కరెంటు లేదు. బందువల్ల లారీలు లేవు, కంపెనీల మోత లేదు, పిల్లలు కూడా ఎక్కడికో పోయారు. ఆ బస్తీలో అంతటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ ఎరగను. నాకైతే ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ మాత్రం చెప్పులు విడుస్తూనే రిమోట్ అందుకుని నొక్కింది. మళ్లీ నొక్కింది. కరెంటు లేదని నేను అరిచి చెప్పినా దాన్ని చేతిలోనే పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. ఒక కీర్తన ఎత్తుకుని సగంలో ఆపేసింది. బీరువా తాళాల గుత్తి తీసి ఊరికే గలగలలాడించింది. ఉపవాసం కదా, నీరసమేమో అనుకున్నాను.

“జాడి సూసొస్త” అంటూ మా గదిలోకి వచ్చింది.

నేను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె పీట వేసుకుంది. ఖాళీ జాడీకి చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

“మస్తు పలుకుతుంది ఇయ్యాల. రోజుటికన్న ఎక్కువనే ఉన్నది” అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఒక్క అంగలో వెళ్లి గుడ్డ ముడి లాగి పారేశాను.

“ఏంది పలికేది? ఏంది అత్తమ్మా పలికేది? సూడు! సూసి చెప్పు!”

ఆమె జాడీలోకి తొంగి చూసింది. చెయ్యి లోపలికి పెట్టి, పొడిగా ఉన్న అడుగును తడిమింది. దొరికిపోయింది, ఇప్పుడు తల దించుకుంటుంది, లేదా నా మీద విరుచుకుపడుతుంది అని ఎదురుచూశాను. రెండూ చెయ్యలేదు. జాడీ మూతికి మళ్లీ చెవి పెట్టింది. లేచి గోడకు చెవి ఆనించింది. తర్వాత బీరువా తలుపుకు. వంగి పరుపుకు కూడా ఆనించింది. ఆఖరికి గది మధ్యలో, దేనికీ ఆనకుండా, మెడ పక్కకు వంచి నిలబడింది.

“గీడ గూడ ఉన్నది” అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

“ఏంది ఉన్నది?”

“పలుకు. గోడల గూడ పలుకుతుంది. బీరువల గూడ.”

రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. కాసేపు అలాగే ఉండి, తీసేసి, నావైపు చూసింది. భయపడ్డ మొహం. ఆమె మొహంలో భయం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

“మూసినా ఉన్నది బిడ్డా” అంది.

ఆమె అబద్ధమాడలేదు. జాడీలో అది ఎప్పుడో ఆగిపోయింది, ఆమె చెవిలో ఆగలేదు. ఆమె నా మంచం మీద కూర్చుంది. కింద సీసాలు కదిలి టింగుమన్నాయి, అది ఆమెకు వినపడలేదు.

“ఎప్పటి సంది ఉన్నది అత్తమ్మా గిది?” అని అడిగాను. రెండోసారి అరిచి అడగాల్సి వచ్చింది.

“ఎవలకెరుక. మిల్లుల మిషిన్ల నడుమ నిలబడి ఇంటికొస్తే రాత్రంత గట్లనే ఉంటుండె. అందరికీ ఉంటుండె. మిల్లు బందైతే పోతదనుకున్నం. మీ మామ పోయినంక ఇల్లు సప్పుడు లేకుంటయింది, గప్పుడు ఎక్కువైంది. టీవీ పెట్టుకున్న. ఇంక జాడిల పలుకంటవా, అది గిది ఒక్కతీర్గనే ఉంటది. నాకేమెరుక, గది జాడిలదే అనుకుంటి.”

ఏదో మంచిమాట చెబుతున్నట్టు అంది:

“నువ్వొచ్చినంక జర నయమైంది. కోపమొస్తే గిన్నెలు ఎత్తేస్తవ్ సూడు, గప్పుడు అసలుకే ఇనబడది.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఇన్నేళ్లు నేను ఆమె మీద కోపంతో విసిరిన గిన్నెలన్నీ ఆమెకు మందయ్యాయట! కోపం ఎంత పెద్దగా ఉన్నా దాన్ని పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. మంచం కింది నుంచి ఒక సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను. వెలుతురుకు పట్టి చూసింది. మూత తీసి వాసన చూసింది, వేలు ముంచి నాలుక మీద రాసుకుంది.

“మంచిగొచ్చింది” అంది. ఆ తర్వాత గొంతు మామూలుగా పెంచి, “సీసాలకెక్కింది గదా. మాటంటే మాటే. పోండి” అంది.

నేను ఎన్నాళ్ల నుంచో కలలు కన్న మాట అది. తీరా వినేసరికి మూటగట్టిన చీరల వైపు చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చాక జరిగింది చెప్పాను. తలుపు దగ్గర నిలబడి, వాళ్లమ్మ వీపు వైపు చూస్తూ విన్నాడు. దవాఖానాకు తీసుకుపోదాం అన్నాడు. తీసుకుపోదాం, మేడిపల్లి సంగతి చెప్పు అన్నాను. “నువ్వెట్లంటే గట్ల” అన్నాడు. ఎప్పుడూ ఇంతే. తలుపు తెరిచి పట్టుకుంటాడు, దాటేదీ మూసేదీ మనమే. ఆ పూట మాత్రం స్నానానికి పోలేదు.

మర్నాడు పొద్దున పాస్టరు అమ్మగారూ, స్త్రీల సమాజంలో ఇంకొకామే సీసాల కోసం వచ్చారు. వాళ్లు వచ్చారని టీవీ కట్టేశాను. అమ్మగారు చెంచాతో రుచి చూసి, ఇంకో చెంచా పోయించుకుంది.

“వదినా, ఎన్నేండ్లకు గింత మంచిగొచ్చింది! ఇసుమంత పులుపు లేదు.”

పొగిడిన తర్వాత గానీ ఆమెకు తెలియలేదు, పాత సంవత్సరాల సంగతి కూడా నోరు జారి చెప్పేశానని. మొహం ఎర్రబడింది. అత్తమ్మ తడుముకోలేదు.

“ఈసారి నేను ఇనలే. నా కోడలు ఇన్నది. నా చెవి అయిపోయింది అమ్మగారూ, ఇంక సంఘానికి నా కోడలు చెవే” అని గట్టిగా, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

“మరి మేడిపల్లి పోతున్నరంట గదా?” అంది రెండో ఆమె.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో కిటికీ మీద నా ఫోన్ మోగింది. వెళ్లి ఎత్తాను. ఇల్లుగలామె.

“అమ్మా, వస్తున్నరా రారా ఒక్కమాట చెప్పుండ్రి. ఇంకో పార్టీ వచ్చి నా ముందట్నే కూసున్నరు.”

తలుపు సందులోంచి ముందు గది కనపడుతోంది. అత్తమ్మ కుర్చీ కిటికీకి రెండడుగుల దూరంలో, తలుపు అవతలే ఉంది. ఫోన్ అంతసేపు మోగినా ఆమె తల తిప్పలేదు. అమ్మగారు ఏదో చెబుతుంటే నవ్వుతూ తల ఊపుతోంది, కళ్లు మాత్రం అమ్మగారి పెదవుల మీదే ఉన్నాయి. ఇన్నేళ్లూ నా మొహంలోకి అలా గుచ్చి చూస్తుంటే పొగరనుకున్నాను. నేను ఇప్పుడు ఏం చెప్పినా ఆమెకు వినపడదు. వస్తున్నామంటే వినపడదు, రావడం లేదంటే వినపడదు. వెనక నుంచి ఎవరూ తోయడం లేదు, ముందు నుంచి ఎవరూ ఆపడం లేదు. ఖాళీ జాడీ నా మోకాలికి తగులుతోంది.

“వేరేటోళ్లకు ఇచ్చెయ్యుండ్రి” అన్నాను. మా ఊళ్లో మాట్లాడుకున్నట్టు, మెల్లగా.

జాలితో అనలేదు. జాలి అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. గోడకు చెవి ఆనించిన ఆ ముసలామె నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు, అంతే. కదిలితే పోయేదాన్ని. ఆ రెండు కిటికీల ఇల్లు కావాలని ఆ క్షణంలో కూడా నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. ఫోన్ మళ్లీ కిటికీ మీద పెట్టబోయాను.

“ఎవలే ఫోను?” అని అత్తమ్మ అరిచింది. నా చేతిలో ఫోన్ చూసినట్టుంది.

“రాంగ్ నంబర్!” అని నేనూ అరిచాను.

మా ఆయనకు, ఇల్లుగలామె వేరేవాళ్లకు ఇచ్చేసిందని చెప్పాను. అది అబద్ధమూ కాదు. ఎదురింటి పెద్దమ్మ పందెం మాత్రం నేను ఓడిపోయాను. తెలంగాణే ముందు వచ్చింది.

వాళ్లు సీసాలు సంచుల్లో సర్దుకుని వెళ్లాక ఇంట్లో చప్పుడు లేదు. కరెంటు ఉంది. అత్తమ్మ కుర్చీలోనే కూర్చుని, నీళ్లు దూరినప్పుడు చేసినట్టు, చూపుడువేలు చెవిలో పెట్టి తిప్పుకుంటోంది. రిమోట్ పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. నాకు ఆ చప్పుడు పడదని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నేను కాసేపు గుమ్మంలో నిలబడి చూశాను. తర్వాత వెళ్లి టీవీ పెట్టి, సౌండు చివరిదాకా పెంచాను.